నేరాలు పెరిగాయన్న కారణంతో కేంద్రం ఒక నగర పోలీసులను తన చేతుల్లోకి తీసుకోవచ్చా? వాషింగ్టన్ ఉదంతం, హైదరాబాద్ సందేహం

ప్రశ్న: రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, నారాయణగూడ

సభ్యులందరికీ నమస్కారం. నేను నగరంలోని ఒక కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధిస్తాను. సమాఖ్య వ్యవస్థ పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థిని లేవనెత్తిన సందేహంపై గంట మోగే వరకు వాదన సాగింది. ఆ వాదనను చట్టమూ క్షేత్రానుభవమూ తెలిసినవారి ముందు పెట్టాలన్నదే నా ఉద్దేశం.

2025 ఆగస్టు 11న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ రాజధాని వాషింగ్టన్‌లో నేరాల కారణంగా అత్యవసర పరిస్థితి ఏర్పడిందని ప్రకటించి, నగర పోలీసు విభాగాన్ని ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోకి తెచ్చి, మామూలుగా రాష్ట్ర గవర్నర్ల ఆజ్ఞలో ఉండే రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డ్ సైనికులను వీధుల్లోకి పంపారు. అదే రోజు ఆయన షికాగో, లాస్ ఏంజెలెస్, బాల్టిమోర్, న్యూయార్క్, ఓక్లాండ్ నగరాలను కూడా ప్రస్తావించారు. వాటన్నింటిలోనూ అప్పటి మేయర్లు డెమొక్రటిక్ పార్టీకి చెందినవారే. రేపు హైదరాబాద్‌లో హత్యలు, దోపిడీలు మితిమీరాయని చెప్పి ఢిల్లీ ఇక్కడి పోలీసు కమిషనర్‌ను తన ఆజ్ఞకు లోబరచుకోగలదా అన్నది ఆ విద్యార్థిని ప్రశ్న. తరగతిలో సగం మంది అది అసాధ్యమన్నారు. మిగతా సగం మంది, పట్టపగలు నడిరోడ్డుపై జరిగిన హత్యల వీడియోలు చూసి విసిగిపోయినవారు కాబోలు, అలా జరిగితే తప్పేమిటని అడిగారు.

చట్టం ఏమి చెబుతోందన్నది ఒక విషయమైతే, అలాంటి జోక్యం వల్ల నేరం నిజంగా తగ్గుతుందా అన్నది దానికంటే పెద్ద విషయమని నాకు అనిపిస్తోంది. నేర గణాంకాలను ఎవరికి కావలసినట్టు వారు వాడుకునే ఈ రాజకీయంలో సామాన్య పౌరుడు దేనిని కొలబద్దగా పెట్టుకోవాలో కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: హైకోర్టు న్యాయవాది

అధ్యాపకులు గారికి నమస్కారం. ముందుగా వాషింగ్టన్‌ను మిగతా అమెరికా నగరాలనుంచి విడదీసి చూడాలి, ఎందుకంటే పత్రికలు వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే గందరగోళమంతా పుడుతోంది.

వాషింగ్టన్ ఏ రాష్ట్రంలోనూ భాగం కాదు. 1973 నాటి హోమ్ రూల్ చట్టం ద్వారా అక్కడి ప్రజలకు మేయర్‌ను, నగర మండలిని ఎన్నుకునే హక్కు దక్కింది కానీ, ఆ చట్టంలోని 740వ సెక్షన్ ప్రకారం అత్యవసర పరిస్థితుల్లో ఫెడరల్ అవసరాల కోసం నగర పోలీసుల సేవలను అందించాలని అధ్యక్షుడు మేయర్‌ను ఆదేశించవచ్చు. ఆ ఆదేశం మొదట 48 గంటలకే చెల్లుతుంది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని సంబంధిత సంఘాల అధ్యక్షులకు తెలియజేస్తే 30 రోజుల వరకు సాగుతుంది. ఆపైన కొనసాగాలంటే ఉభయ సభలూ తీర్మానం చేయాలి. 2025 సెప్టెంబరులో ఆ 30 రోజులు ముగిశాక పొడిగింపు జరగలేదు. నేషనల్ గార్డ్ మాత్రం ఆ తర్వాత కూడా అక్కడే ఉంది, ఎందుకంటే రాజధానికి గవర్నర్ లేడు కనుక అక్కడి గార్డ్ ఎప్పుడూ అధ్యక్షుడి ఆజ్ఞలోనే ఉంటుంది.

లాస్ ఏంజెలెస్ కథ వేరు. 2025 జూన్‌లో వలసదారుల అరెస్టులపై నిరసనలు చెలరేగినప్పుడు, కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ వద్దంటున్నా, అధ్యక్షుడు దాదాపు 4,000 మంది గార్డ్ సైనికులను, 700 మంది మెరైన్లను అక్కడికి పంపారు. గవర్నర్ కోరకుండా అధ్యక్షుడు ఒక రాష్ట్రపు గార్డ్‌ను తన ఆధీనంలోకి తీసుకోవడం 1965లో, అలబామాలో పౌరహక్కుల పాదయాత్రికుల రక్షణ కోసం లిండన్ జాన్సన్ చేసిన తర్వాత మళ్లీ అప్పుడే జరిగింది. సైన్యాన్ని పోలీసు పనికి వాడరాదని 1878 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఆ చట్టం ఉల్లంఘన జరిగిందని ఫెడరల్ న్యాయమూర్తి చార్లెస్ బ్రేయర్ సెప్టెంబరు 2న తీర్పునిచ్చారు. షికాగోలో గార్డ్‌ను మోహరించకుండా కింది కోర్టు ఇచ్చిన నిలుపుదల ఉత్తర్వును ఎత్తివేయడానికి సుప్రీంకోర్టు డిసెంబరు 23న నిరాకరించింది. సైన్యం చట్టాన్ని అమలు చేయడానికి, షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో ఏ అధికారం ఉందో ప్రభుత్వం ఆ దశలో చూపలేకపోయిందన్నది అక్కడ కీలకమైన మాట. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో మాత్రం గార్డ్ మోహరింపుకు గవర్నర్ బిల్ లీ స్వయంగా సమ్మతించారు, అందువల్ల అక్కడి న్యాయవివాదం రాష్ట్ర చట్టాల పరిధిలో నడిచింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండవ అంశం పోలీసు. 1976లో, అంటే ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణ ద్వారా కేంద్ర జాబితాలో 2ఏ అనే అంశాన్ని చేర్చి, పౌర పాలనకు తోడ్పాటుగా కేంద్ర బలగాలను ఏ రాష్ట్రంలోనైనా మోహరించే విషయాన్ని పార్లమెంటు పరిధిలోకి తెచ్చారు. ఆ సవరణతోనే 257ఏ అధికరణాన్ని కూడా తెచ్చి, అలా పంపిన బలగాలు రాష్ట్రం మాట వినవలసిన పని లేదని రాశారు. 1978 నాటి 44వ సవరణ 257ఏను తొలగించింది, 2ఏను మాత్రం ఉంచింది. ఈ చరిత్రను విద్యార్థులకు తప్పక చెప్పండి, ఎందుకంటే బలగాలను పంపడమూ ఆ బలగాలపై ఆజ్ఞ చెలాయించడమూ వేర్వేరు విషయాలని మన పార్లమెంటే తేల్చిన సందర్భం అది. 1997లో నాగా ప్రజల హక్కుల ఉద్యమం కేసులో సుప్రీంకోర్టు కూడా, తోడ్పాటు అంటే పౌర పాలన కొనసాగుతూ ఉండగా అందించే సాయమే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించడం కాదని స్పష్టం చేసింది.

అంతర్గత కల్లోలం నుంచి ప్రతి రాష్ట్రాన్నీ కాపాడే బాధ్యత 355వ అధికరణం కింద కేంద్రానికి ఉన్న మాట వాస్తవం. అయితే ఒక నగరంలో హత్యల సంఖ్య పెరగడాన్ని అంతర్గత కల్లోలమని పిలవడం ఆ అధికరణాన్ని దాని అర్థం తెగిపోయేంతగా సాగదీయడమే అవుతుంది. ఇక మిగిలేది 356, అంటే రాష్ట్రపతి పాలన. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దానికి వేసిన కళ్లాల తర్వాత, శాంతిభద్రతల లోపం ఒక్కటే చూపి ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించడం కోర్టు ముందు నిలబడే అవకాశం చాలా తక్కువ.

హైదరాబాద్‌కు మాత్రం ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 8వ సెక్షన్, ఉమ్మడి రాజధాని ప్రాంతంలో నివసించే వారి ప్రాణ, స్వేచ్ఛ, ఆస్తుల భద్రతకు గవర్నర్‌పై ప్రత్యేక బాధ్యత ఉంచి, శాంతిభద్రతలను పేరెత్తి అందులో చేర్చింది. గవర్నర్ తెలంగాణ మంత్రిమండలిని సంప్రదించాలి, కానీ నిర్ణయం ఆయన సొంత విచక్షణ మీదే ఉంటుంది. ఆయనకు తోడుగా కేంద్రం నియమించే ఇద్దరు సలహాదారులు ఉండాలి. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ఈ అధికారాల అమలు గురించి లేఖ రాసినప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ దానిని గట్టిగా తిరస్కరించారు. 2015లో ఓటుకు నోటు కేసు బయటపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైపు నుంచి అదే సెక్షన్‌ను అమలు చేయాలన్న డిమాండ్ వచ్చింది. చివరికి కమిషనర్ల మీద ఆజ్ఞ రాష్ట్ర ప్రభుత్వం చేతుల్లోనే ఉండిపోయింది, 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువే తీరిపోయింది. కాబట్టి మీ విద్యార్థిని అడిగినది ఊహాజనితమైన ప్రశ్న కాదు. మన నగరం పదేళ్ల పాటు అలాంటి నిబంధన నీడలోనే ఉంది.

సమాధానం: విశ్రాంత ఇన్‌స్పెక్టర్, సైదాబాద్

న్యాయవాది గారు చట్టాన్ని చక్కగా వివరించారు. నేను నగర పోలీసు విభాగంలో కానిస్టేబులుగా చేరి, ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను, కాబట్టి బలగాలు వస్తే వీధిలో ఏమి జరుగుతుందో, ఏమి జరగదో చెప్పగలను.

వినాయక నిమజ్జనానికి, మొహర్రం ఊరేగింపుకు, ఎన్నికలకు కేంద్ర బలగాలు రావడం మనకు కొత్త కాదు. అల్లర్లను అదుపు చేసే కేంద్ర దళమైన ఆర్‌ఏఎఫ్ 99వ బెటాలియన్ ఉండేదే హైదరాబాద్‌లో. వారు క్రమశిక్షణ గల మనుషులు. జనం గుమిగూడిన చోట వారి ఉనికి వల్ల ఉద్రిక్తత తగ్గడం నేను చాలాసార్లు చూశాను. కానీ వారి వెంట మా స్టేషన్ కానిస్టేబుల్ ఒకరు దారి చూపడానికి ఉండవలసిందే. ఏ గల్లీ ఎక్కడికి దారి తీస్తుందో, ఏ రౌడీషీటర్ ఇల్లు మారాడో, ఎవరి అన్నదమ్ముల మధ్య స్థలం తగాదా రగులుతోందో, ఏ వడ్డీ వ్యాపారి ఎవరిని వేధిస్తున్నాడో వారికి తెలియదు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. నగరంలో జరిగే హత్యల్లో నేను చూసినవి ఎక్కువగా పరిచయస్తుల మధ్య, పాత కక్షల వల్ల, భూమి కోసం, అప్పుల కోసం జరిగినవే. వాటిని చౌరస్తాలో తుపాకీ పట్టుకుని నిలబడినవారు ఆపలేరు. బెదిరింపు వచ్చిందని మొదటిసారి స్టేషన్‌కు వచ్చిన మనిషి ఫిర్యాదును రాసుకుని, ఎదుటివాడిని పిలిచి బైండోవర్ చేసిన, అంటే గొడవకు దిగనని పూచీ రాయించిన ఎస్సై ఆపగలడు.

హత్య జరిగిన తర్వాతి పని మరీ వేరు. పంచనామా, సీసీ కెమెరాల ఫుటేజీ, ఫోన్ కాల్ వివరాలు, రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక, గడువులోగా ఛార్జిషీటు, సాక్షి కోర్టులో మాట మార్చకుండా ధైర్యం చెప్పడం, ఇవన్నీ ఉంటేనే శిక్ష పడుతుంది. శిక్ష పడుతుందన్న నమ్మకం నేరగాడికి కలిగినప్పుడే అతని చేయి ఆగుతుంది. ఈ గొలుసులో ఎక్కడా సైనికుడి పని లేదు.

వాషింగ్టన్ గురించి నేను చదివి తెలుసుకున్న ఒక విషయం ఇక్కడ చెప్పాలి. అక్కడ వయోజనులు చేసిన తీవ్ర నేరాలపై కేసులు నడిపేది నగర ప్రభుత్వం కాదు, ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్యాలయమే. 2022 ఆర్థిక సంవత్సరంలో ఆ కార్యాలయం పోలీసులు అరెస్టు చేసి తెచ్చిన కేసుల్లో 67 శాతాన్ని విచారణకు చేపట్టలేదు. 2021లో నగర నేర పరిశోధన ల్యాబ్ గుర్తింపు కోల్పోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. స్థానిక కోర్టు న్యాయమూర్తులను నియమించేది అధ్యక్షుడు, ఆమోదించేది సెనేట్. ఆ ఖాళీలు ఏళ్ల తరబడి నిండలేదు. అంటే మరమ్మతు కోరుతున్న భాగాల్లో రెండు ముందునుంచీ ఫెడరల్ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. వాటిని వదిలి పోలీసు విభాగాన్ని లాక్కోవడంలో నేర నియంత్రణ కంటే ప్రదర్శన ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

గణాంకాల మాటకు వస్తే, జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) అంకెలను పట్టుకుని నగరాలను పోల్చేవారు ఒక సంగతి గమనించాలి. 20 లక్షలకు పైగా జనాభా ఉన్న 19 మహానగరాలకు ఆ సంస్థ ఇచ్చే నేరాల రేటును 2011 జనాభా లెక్కల ఆధారంగా కడతారు. హైదరాబాద్ వంటి నగరం ఆ తర్వాత ఎంత పెరిగిందో మనకు కళ్లెదుటే కనిపిస్తోంది. కేసులు ఈనాటివి, జనాభా ఆనాటిది అయితే రేటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించడం ఖాయం. రెండవది, నమోదైన కేసులు పెరిగితే నేరం పెరిగిందని అర్థం కాదని ఆ నివేదికలోనే రాసి ఉంటుంది. 2015లో ఢిల్లీ పోలీసులు వాహన దొంగతనాలకు ఇంటినుంచే ఎఫ్ఐఆర్ నమోదు చేసుకునే వీలు కల్పించారు. ఫిర్యాదు సులభమైతే అంకె పెరుగుతుంది. ఫిర్యాదుదారుని గుమ్మం దగ్గరే తిప్పి పంపే స్టేషన్‌లో అంకె తగ్గుతుంది. అంకెను చూసి అధికారిని శిక్షించడం మొదలుపెడితే కేసులు రాయడమే మానేస్తారు, ఆ బాధ అంతా పేదవాడి మీద పడుతుంది. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కిందనే ఉన్నారన్న సంగతి, అయినా ఆ నగరం నేరాల పట్టికలో తరచూ పైనే ఉంటుందన్న సంగతి, కేంద్రానికి అప్పగిస్తే అన్నీ చక్కబడతాయనే విద్యార్థులు ఆలోచించవలసినవి.

అయితే కేంద్రం అవసరం లేదని నేను అనను. సైబర్ నేరాల్లో బాధితుడు కూకట్‌పల్లిలో ఉంటాడు, డబ్బు వెళ్లిన ఖాతా మరో రాష్ట్రంలో ఉంటుంది, ఫోన్ చేసినవాడు దేశం బయట ఉంటాడు. 1930 నంబరుకు ఫోన్ వచ్చిన వెంటనే బ్యాంకుల మధ్య ఆ డబ్బును నిలిపివేసే వ్యవస్థను కేంద్ర హోంశాఖ కింద ఉన్న సైబర్ నేర సమన్వయ కేంద్రం నడుపుతోంది. నగరాలకు కావలసిన కేంద్ర జోక్యం అలాంటిది. దాని ముందు నిలబడి ఫొటో దిగడానికి ఏమీ ఉండదు, అందువల్ల దానిపై ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

సమాధానం: దిల్‌సుఖ్‌నగర్ నుంచి వర్జీనియాకు వచ్చిన ఒక ఉద్యోగిని

ఇన్‌స్పెక్టర్ గారి మాటలపై గౌరవం ఉంచుతూనే కొంత విభేదిస్తున్నాను. నేను వర్జీనియాలో నివసిస్తూ వాషింగ్టన్‌లో పనిచేస్తాను. 2023 ఇక్కడ నిజంగా భయంకరమైన సంవత్సరం. ఆ ఏడాది నగరంలో 274 హత్యలు జరిగాయి, ఆయుధం చూపి కార్లు లాక్కునే ఘటనలు అంతకు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపయ్యాయి. సాయంత్రం ఆలస్యమైతే పార్కింగ్ వరకు ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. 2024లో హత్యలు 187కు తగ్గాయి, మొత్తం హింసాత్మక నేరాలు 30 ఏళ్లలో కనిష్ఠానికి చేరాయని ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్యాలయమే ప్రకటించింది. అందువల్ల 2025 ఆగస్టు నాటికి అత్యవసర పరిస్థితి ఉందన్న ప్రకటన వాస్తవానికి దూరమే. కానీ తగ్గిందన్న ప్రతిసారీ ఆ అంకెనే చూపిస్తూ, భయపడే మనిషిని అజ్ఞానిగా చూసిన నాయకులు కూడా తప్పు చేశారు. 187 అనేది కూడా ఏడు లక్షల జనాభా ఉన్న నగరానికి చాలా పెద్ద సంఖ్య. ఆ భయాన్ని గౌరవించినవారు లేకపోవడం వల్లనే బలగాలు పంపుతానన్న మాటకు ఆదరణ దొరికింది.

ఫెడరల్ అధికారులు వచ్చిన తర్వాత 20 రోజుల్లో, అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే, కార్ల దోపిడీలు 87 శాతం తగ్గాయని మేయర్ మ్యూరియల్ బౌజర్ ఆగస్టు చివరలో స్వయంగా చెప్పారు. ప్రతిపక్ష పార్టీ మేయర్ ఆ మాట చెప్పడం తేలిక కాదు. ముసుగులు ధరించిన వలస విభాగపు అధికారుల వల్ల, ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన గార్డ్ వల్ల మాత్రం మేలు జరగలేదని ఆమె అదే సందర్భంలో అన్నారు. ఈ తేడాను పట్టించుకోవాలి. అదనపు పరిశోధకులు, అదనపు పోలీసులు వస్తే కొంత కాలమైనా ఫలితం కనిపిస్తుంది. సైనికులు ఎక్కువగా కనిపించినది నేషనల్ మాల్ మైదానం, యూనియన్ స్టేషన్, మెట్రో స్టేషన్ల దగ్గర. వారిలో కొందరికి చెత్త ఏరడం, పార్కులు బాగుచేయడం వంటి పనులు అప్పగించారు. హత్యలు ఎక్కువగా జరిగే ప్రాంతాలు అనకోస్తియా నదికి ఆవల ఉన్నాయి.

అరెస్టుల్లో గణనీయమైన భాగం వలస చట్టాల కింద జరిగినవి. మోపెడ్లపై తిండి పంచే కుర్రాళ్లను ఆపి ప్రశ్నించడం చూశాక, చట్టబద్ధమైన వీసా ఉన్న మా తెలుగు మిత్రులు కూడా పత్రాల ప్రతులు జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. నేరాన్ని చూసిన వలసదారు పోలీసుకు ఫోన్ చేయడానికి జంకితే ఆ వీధి మరింత ప్రమాదకరమవుతుంది. నవంబరు 26న వైట్‌హౌస్‌కు కొద్ది దూరంలోనే ఇద్దరు వెస్ట్ వర్జీనియా గార్డ్ సభ్యులపై కాల్పులు జరిగి, ఒక యువతి మరణించింది. తనకు పరిచయం లేని నగరంలో కాపలా నిలిచిన ఆ పిల్ల గురించి తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

బాల్టిమోర్ మాకు గంట దూరం. 2022లో అక్కడ 333 హత్యలు జరిగాయి, 2024లో 201. మధ్యలో సైన్యం రాలేదు. తుపాకీ పట్టే ప్రమాదం ఉన్న కొద్దిమంది యువకులను గుర్తించి, మానకపోతే కేసు, మానితే ఉపాధి, చికిత్స అని ముఖాముఖి చెప్పే కార్యక్రమాన్ని మేయర్ బ్రాండన్ స్కాట్ కాలంలో పట్టుదలగా నడిపారు. ఆ ఒక్క కార్యక్రమమే కారణమని నేను అనను, ఆ సంవత్సరాల్లో దేశమంతటా హత్యలు తగ్గాయి. అయితే అలాంటి కార్యక్రమాలకు ఇచ్చే గ్రాంట్లతో కలిపి 80 కోట్ల డాలర్లకు పైగా నిధులను 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ న్యాయశాఖ రద్దు చేసింది. అదే సంవత్సరం మార్చిలో కాంగ్రెస్ ఆమోదించిన వ్యయ బిల్లు వల్ల వాషింగ్టన్ నగర బడ్జెట్‌లో దాదాపు 110 కోట్ల డాలర్ల లోటు ఏర్పడే పరిస్థితి వచ్చింది. నగరాల సొమ్ముకు గండి కొట్టి, ఆ తర్వాత నగరాలు పాలించుకోలేకపోతున్నాయని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సమాధానం: శాలిబండ నివాసి

ఇక్కడ చర్చ రాష్ట్రమా, కేంద్రమా అన్న దారిలో సాగుతోంది. పాతబస్తీలో పుట్టి పెరిగినవాడిగా నాకు ఆ రెండింటిలో ఒకదానిపై గుడ్డి నమ్మకం పెట్టుకోవడం సాధ్యం కాదు.

1990 డిసెంబరులో ఈ నగరంలో చెలరేగిన హింసలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు, నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవిలోకి వచ్చారు. అధికార పక్షంలోని లోపలి పోరు ఆ అల్లర్లకు ఆజ్యం పోసిందన్న ఆరోపణను ఈ వీధుల్లో పెద్దవాళ్లు ఈనాటికీ చెబుతారు. పోలీసులు ముమ్మాటికీ రాష్ట్రం చేతిలోనే ఉన్నారు. అయినా మమ్మల్ని కాపాడలేకపోయారు.

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు 9 మంది చనిపోయారు, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు పోయారు. మా ప్రాంతపు యువకులను ఎంతోమందిని స్థానిక పోలీసులు పట్టుకెళ్లారు. తర్వాత వారు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు, ప్రభుత్వం నష్టపరిహారం కూడా ప్రకటించింది. కేసు సీబీఐకి, ఆపై ఎన్‌ఐఏకు వెళ్లిన తర్వాతనే దర్యాప్తు మరో దిశకు మళ్లింది. ఆ రోజుల్లో కేంద్ర సంస్థ రావడం మాకు ఊరటగానే అనిపించింది. కానీ 2018 ఏప్రిల్‌లో ఎన్‌ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురు నిందితులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. మసీదులో నమాజుకు వెళ్లి తిరిగి రాని మనుషుల చావుకు ఇప్పటికీ ఎవరూ బాధ్యులు కారు.

అందువల్ల బలగం ఎక్కడినుంచి వచ్చిందన్నది నాకు రెండవ ప్రశ్న. తప్పు చేసిన అధికారిని ఎవరు విచారిస్తారు, ఆ విచారణ నివేదికను ఎవరు చదవగలరు, నిర్దోషిగా తేలినవాడికి పోయిన సంవత్సరాలను ఎవరు లెక్క కడతారు అన్నవి మొదటి ప్రశ్నలు. అధికారం కోరేవారు, ఢిల్లీలో ఉన్నా సచివాలయంలో ఉన్నా, ముందు వీటికి జవాబు చెప్పాలి. సాయుధ బలగాన్ని ఊళ్లోకి పిలిపించుకోవడం తేలిక; వారు వెళ్లిపోయిన తర్వాత వారి మీద ఫిర్యాదు చేయడానికి మనిషి దొరకడు. మా స్టేషన్ ఇన్‌స్పెక్టర్ అయితే, మంచివాడైనా చెడ్డవాడైనా, రేపు పొద్దున కూడా అక్కడే ఉంటాడు.

ప్రశ్నించినవారి స్పందన: రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, నారాయణగూడ

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలను తరగతిలో చదివి వినిపించాను. విద్యార్థులు దానిపై మరో ప్రశ్న వేశారు. వాషింగ్టన్, బాల్టిమోర్ మేయర్లు పోలీసు గురించి మాట్లాడుతున్నారు, సమాధానం చెబుతున్నారు. మన హైదరాబాద్ మేయర్‌ను నేరాల గురించి ఎవరూ ఎందుకు అడగరు? నగరం నుంచి పోలీసును ముందే రాష్ట్రం తీసేసుకుంది కదా, మరి కేంద్రం రాష్ట్రం నుంచి తీసుకుంటే అంత పెద్ద తేడా ఏమిటి?

సమాధానం: హైకోర్టు న్యాయవాది

విద్యార్థులు చాలా లోతైన చోట వేలు పెట్టారు. హైదరాబాద్ నగర పోలీసు చట్టం 1348 ఫసలీ నాటిది, అంటే నిజాం కాలానిది. కమిషనర్ నగరపాలక సంస్థకు జవాబుదారీ కాదు, నేరుగా రాష్ట్ర ప్రభుత్వానికే. బల్దియా మేయర్ చేతిలో రోడ్లు, చెత్త, వీధిదీపాలు ఉన్నాయి. చీకటి వీధిలో గొలుసు తెంచుకుపోయినవాడిని పట్టుకునే పని మాత్రం ఏ మేయర్ పరిధిలోనూ ఎన్నడూ లేదు.

అమెరికాలో కూడా అన్ని నగరాలూ ఒకేలా లేవు. మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీ పోలీసులను గవర్నర్ నియమించే సభ్యులు ఎక్కువగా ఉన్న బోర్డు నడుపుతుంది, మేయర్ అందులో ఒక సభ్యుడు మాత్రమే. సెయింట్ లూయిస్ పోలీసులను 1861 అంతర్యుద్ధ కాలంలో రాష్ట్రం తీసుకుంది, 2013లో నగరానికి తిరిగి ఇచ్చింది, 2025 మార్చిలో కొత్త చట్టంతో మళ్లీ వెనక్కు లాక్కుంది. నేరాలే కారణమని చెప్పారు. అందువల్ల కేంద్రం అన్యాయమూ రాష్ట్రం న్యాయమూ అని ఒక గీత గీసి చెప్పలేము.

అయినా తేడా ఉంది. తెలంగాణ శాసనసభలో హైదరాబాద్ జిల్లాకే 15 నియోజకవర్గాలు ఉన్నాయి, చుట్టుపక్కల నగర ప్రాంతాలతో కలిపితే ఇంకా ఎక్కువ. ఈ నగరపు కోపాన్ని విస్మరించి ఏ రాష్ట్ర ప్రభుత్వమూ అయిదేళ్లు నిశ్చింతగా ఉండలేదు. 543 స్థానాల లోక్‌సభలో ఆ బరువు చాలా చిన్నది. నగరానికే పోలీసు అప్పగించడం మంచిదా అన్నది వేరే చర్చ, స్థానిక నాయకుల ఒత్తిడి ఇంకా పెరుగుతుందన్న భయం నాకు ఉంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన రాష్ట్ర భద్రతా కమిషన్, పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ, అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం వంటివి దేశంలో ఎక్కడా మనస్ఫూర్తిగా అమలు కాలేదు. శాలిబండ మిత్రుడు అడిగిన ప్రశ్నలకు జవాబు ఆ ఆదేశాల్లోనే ఉంది. దానికి ఢిల్లీ నుంచి ఒక్క కంపెనీ బలగం కూడా రానవసరం లేదు.

విద్యార్థులకు ఒక అభ్యాసంగా, వాషింగ్టన్ హోమ్ రూల్ చట్టంలోని 740వ సెక్షన్‌ను, మన పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 8వ సెక్షన్‌ను పక్కపక్కన పెట్టి చదవమనండి. మొదటిదాంట్లో అధ్యక్షుడికి 30 రోజుల గడువు ఉంది, ఆపైన చట్టసభ ఓటు కావాలి. రెండవదాంట్లో గడువు పదేళ్లు. ఏ విషయంలో గవర్నర్ తన విచక్షణను వాడాలో తేల్చేది కూడా గవర్నరే, ఆ నిర్ణయమే తుది, ఆయన చేసినదాని చెల్లుబాటును ప్రశ్నించరాదని అందులో రాసి ఉంది. ఆ బిల్లు మీద 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో జరిగిన గొడవలో ఈ వాక్యంపై తగినంత చర్చ జరగలేదని నా బాధ. ఇలాంటి నిబంధన మళ్లీ ఏ నగరం పేరుతోనైనా ముసాయిదాలో కనిపిస్తే ముందుగా గడువు ఎంత, ఎవరి ఓటుతో పొడిగిస్తారు, కోర్టు తలుపు తెరిచే ఉందా అని వెతకడం వారికి అలవాటు కావాలి.